ఇరవై సెంటీమీటర్ల ఆల్కో

విశాఖపట్నంలో మన డీజిల్ లోకో షెడ్డు 1965లో మొదలైంది. అరవై ఏళ్ల ప్రత్యేక సంచిక కనుక, ఎవరెవరు అధికారులుగా పనిచేశారు, ఏయే షీల్డులు గెలిచాం అన్నవి వేరే పేజీల్లో ఎలాగూ వస్తాయి. నేను మాత్రం నా బల్ల మీదున్న ఇంజన్ నమూనాను ముందు పెట్టుకుని రాస్తున్నాను. మన షెడ్డులోనే పనిచేసిన ఒక మిత్రుడు రిటైరయ్యాక తీరిగ్గా చేసిన డబ్ల్యూడీఎం-2 ఇది. ఎనభై ఏడు వంతుల్లో ఒక వంతు. అసలు ఇంజన్ బఫర్ నుంచి బఫర్‌కి 17.12 మీటర్లు, ఇది ఇరవై సెంటీమీటర్లకు కాస్త తక్కువ.

పొడవు తగ్గినట్టు బరువు తగ్గదు. పొడవును 87తో ఒకసారి భాగిస్తే చాలు, బరువును మూడుసార్లు భాగించాలి. ఆ లెక్కన 112.8 టన్నుల ఇంజన్ 171 గ్రాములకు దిగుతుంది. అంత తేలిక ఇంజన్ వెనక నాలుగు బొమ్మ వ్యాగన్లు తగిలించి కాస్త ఎత్తు ఎక్కిస్తే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకే నమూనాలు చేసేవాళ్లు లోపల సీసం దిమ్మలు కూరుతారు. పెద్ద ఇంజన్‌దీ ఇదే బాధ. చక్రం పట్టాను పట్టుకోకపోతే హార్స్ పవర్ ఎంత ఉండి ఏం లాభం? వానాకాలంలో కిరండోల్ లైనులో బొడ్డవర దాటి ఘాట్ ఎక్కిన డ్రైవర్ల దగ్గర, చక్రం జారకుండా పట్టాల మీద చల్లే ఇసుక మాట ఎత్తండి, గంటసేపు చెబుతారు.

ఇంజన్ల సంగతి తెలిసినవాళ్లు ఈ నమూనా అందుకోగానే తిప్పి అడుగు భాగం చూస్తారు. నిజం డబ్ల్యూడీఎం-2 బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. ట్రాక్షన్ మోటార్ల అమరికకు చోటు కావాలి గనుక ఒక సందు పెద్దది, ఒకటి చిన్నది. దీన్నే ట్రైమౌంట్ బోగీ అంటాం. దుకాణాల్లో దొరికే చవక బొమ్మల్లో మూడు చక్రాలూ సమదూరంలో కూర్చుని ఉంటాయి, అక్కడే దొరికిపోతాయి. మా మిత్రుడు బోగీ దగ్గర రాజీ పడలేదు. పడింది గేజి దగ్గర. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు, ఈ స్కేలులో 19.3 మిల్లీమీటర్లు రావాలి. కానీ బజారులో దొరికే పట్టాలు, చక్రాలు అన్నీ 16.5 మిల్లీమీటర్లవే, అంటే 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి సరిపోయేవి. మన ఇంజన్ పరాయి పట్టాల మీద కాళ్లు దగ్గరికి పెట్టుకుని నిలబడింది.

ఇందులో ఒక చమత్కారం లేకపోలేదు. డబ్ల్యూడీఎం-2 పుట్టింది అమెరికాలోనే. అక్కడి అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, మన నోట్లో ‘ఆల్కో’, తన డిజైన్‌ను మన గేజికి వెడల్పు చేసి పంపింది. అంతకుముందు 1957 నుంచి అదే కంపెనీ వంద డబ్ల్యూడీఎం-1లు పంపింది. నున్నటి ముక్కు, ఒకటే క్యాబ్. అప్పటికి మన డివిజన్ దక్షిణ తూర్పు రైల్వేలో ఉండేది, ఆ రైల్వే ఖనిజం రైళ్లకు ఇవి బాగా అక్కరకొచ్చాయి. ఒకవైపే క్యాబ్ కావడంతో వెనక్కి రావాలంటే తిప్పాలి, లేదా రెండింటిని వీపులు కలిపి జోడించాలి. 1962లో వచ్చిన డబ్ల్యూడీఎం-2కి ఆ బెడద లేదు. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్ పవర్, ఎటైనా నడుస్తుంది. పొడవాటి హుడ్ ముందుకు పెట్టి నడిపితే సిగ్నల్ కనబడటానికి మెడ సాచాల్సి వచ్చేదన్నది వేరే సంగతి. 1964 జనవరిలో వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి మన చేతి తొలి ఇంజన్ బయటికొచ్చింది. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ మానేసింది. పుట్టిల్లు మూతపడ్డాక కూడా మెట్టినింట మూడు దశాబ్దాలు వంశం పెరిగింది, రెండున్నర వేలకు పైగా.

డబ్ల్యూడీఎం-2 పేరులో ‘ఎం’ ఉంది, అంటే ప్యాసింజరుకూ గూడ్సుకూ పనికొచ్చేదని. మనకు మాత్రం అది ముందు గూడ్సు ఇంజనే. బైలడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేసిన కొత్తవలస–కిరండోల్ లైను మన షెడ్డు ఊపిరి. సుమారు 445 కిలోమీటర్లు, 58 సొరంగాలు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాటి శిమిలిగూడ చేరేసరికి సముద్రమట్టానికి 996 మీటర్లు. ఖాళీ వ్యాగన్లు ఎక్కుతాయి, నిండినవి దిగుతాయి. తెలియనివాళ్లు ఎక్కడమే కష్టం అనుకుంటారు. గుండె దడదడలాడించేది దిగడం. వేల టన్నుల ఖనిజం వెనక నుంచి తోస్తుంటే బ్రేకు దిమ్మల మీదే భారం వేస్తే అవి కాలిపోతాయి. అక్కడ ఆదుకునేది డైనమిక్ బ్రేక్. బండిని లాగిన మోటార్లే దిగేటప్పుడు జనరేటర్లయి కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటు రెసిస్టర్లలో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఈ పనికి రెండేసి, మూడేసి ఇంజన్లు జోడించి పంపేవాళ్లం. ఒక్క ఇంజన్‌లో డైనమిక్ బ్రేక్ సరిగ్గా లేదని తెలిసినా ఆ జోడీని షెడ్డు గేటు దాటనిచ్చేవాళ్లం కాదు.

నమూనాలో అసలు పట్టనిది షెడ్డు లోపలి పని. ఇంజన్ ఆయిల్ బొట్టును ప్రయోగశాలలో పరీక్షించి, అందులో ఏ లోహం పాళ్లు పెరిగాయో చూసి, ఏ బేరింగ్ అరుగుతోందో మూత విప్పకుండానే చెప్పడం. నీళ్ల తొట్టిలో ఎలక్ట్రోడ్లు దించి లోడ్ బాక్స్ మీద ఇంజన్‌ను పూర్తి శక్తి ఇచ్చే ఎనిమిదో నాచ్ దాకా తీసుకెళ్లడం. నాచ్ పెంచగానే టర్బో అందుకునేలోపు నల్లటి పొగ, ఆ తర్వాత ఈల. ఈ రోజుల్లో చిన్న స్పీకర్ పెట్టి ఆ ఈలను నమూనాలో వినిపిస్తున్నారు, బాగానే ఉంటుంది. పొగ రంగు చూసి ఇంజెక్టర్ల తప్పు పట్టే మేస్త్రీలను మాత్రం ఏ స్కేలులోనూ చేయలేం.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. 1980ల తొలినాళ్లలో కిరండోల్ లైనుకు విద్యుత్ తీగలు పడ్డాయి, మన ఇంజన్లు వేరే దారులకు మళ్లాయి. 1995లో ఆల్కో వంశంలోనే అచ్చంగా గూడ్సు కోసం 3,100 హార్స్ పవర్ డబ్ల్యూడీజీ-3ఏ వచ్చింది. దాని బోగీలో మోటార్లన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి, అందుకే జారుడు తక్కువ. 1999లో వచ్చిన డబ్ల్యూడీజీ-4తో ఆల్కోల యుగం వాలింది, 4,000 హార్స్ పవర్, ఏసీ మోటార్లు. నా మట్టుకు డబ్ల్యూడీజీ-4 మేలైన యంత్రమే, వాదన లేదు. కానీ ఆల్కోను సుత్తి, స్పానర్ పట్టుకుని చెవితో విని బాగుచేసేవాళ్లం, డబ్ల్యూడీజీ-4ను తెర మీద అక్షరాలు చదివి బాగుచేస్తాం. 2018లో వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఏలను ఏకంగా 10,000 హార్స్ పవర్ ఎలక్ట్రిక్ జంటగా మార్చేశారు. ఆ కార్ఖానా పేరులోంచి డీజిల్ అన్న మాట కూడా 2020లో పోయింది.

తొలి రోజుల డబ్ల్యూడీఎం-2 ఒకటి, 18040 నంబరుది, ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. చూడాలంటే మన పిల్లలు అంత దూరం వెళ్లాలి. మిగిలిన ఆల్కోలు తుక్కుకు పోకముందే ఒక్కదాన్నయినా కొలతలన్నీ తీసి, ఫొటోలు తీసి, సరిగ్గా 19.3 మిల్లీమీటర్ల పట్టాల మీద మన షెడ్డు కోసం ఒక నమూనా చేయించాలని సంచిక కమిటీని కోరుతున్నాను. పాత షెడ్యూల్ పుస్తకాలు, డ్రాయింగులు, ఘాట్‌లో తీసిన ఫొటోలు ఇళ్లలో అటకల మీద ఉన్నవాళ్లు వాటిని చెదలకు వదిలేయకుండా షెడ్డు కార్యాలయానికి అందజేయండి. ఏ ఇంజన్, ఏ సంవత్సరం, ఎవరి పక్కన నిలబడి దిగారో వెనకాల రాసి మరీ ఇవ్వండి.