పంది చట్టం నుంచి పత్తి పొలం దాకా: పార్చ్‌మన్ పుట్టుపూర్వోత్తరాలు

1876లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. జనం దాన్ని పంది చట్టం అన్నారు. పది డాలర్ల విలువ చేసే ఏ సొత్తు దొంగిలించినా, లేదా ఒక పందినో ఆవునో తోలుకుపోయినా అది ఘరానా దొంగతనం కిందికే వస్తుంది. అయిదేళ్ల దాకా జైలు. కడుపు కాలి పక్కవాడి పందిపిల్లను ఎత్తుకొచ్చిన కూలివాడు, కొల్లగొట్టిన దొంగ, ఇద్దరూ ఒకే గాటన పడ్డారు. 1874లో ఆ రాష్ట్రంలో ఖైదీలు 272 మంది. 1877 చివరికి 1,072 మంది. మూడేళ్లలో జనం ఒక్కసారిగా దొంగలైపోయారని అనుకోవడానికి లేదు. ఖైదీలకు గిరాకీ పెరిగింది, అంతే.

ఆ గిరాకీ ఎక్కడిదో తెలియాలంటే పదేళ్లు వెనక్కి వెళ్లాలి. అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే అమెరికా రాజ్యాంగానికి పదమూడో సవరణ వచ్చింది. బానిసత్వం రద్దయింది. కానీ ఆ వాక్యంలోనే ఒక మినహాయింపు ఉంది: నేరానికి శిక్షగా అయితే వెట్టి చేయించుకోవచ్చు. యుద్ధంలో జాక్సన్ పట్టణంలోని రాష్ట్ర జైలు పాడైంది. ఖజానా ఖాళీ. నిన్నటిదాకా బానిసలుగా ఉన్న నల్లజాతి వాళ్లు స్వేచ్ఛ పొందారు, పత్తి చేలలో పని చేసేవాళ్లు కరువయ్యారు. ఈ మూడు చిక్కులకూ ఒకే ఉపాయం దొరికింది: ఖైదీలను అద్దెకివ్వడం.

1868లో ఎడ్మండ్ రిచర్డ్‌సన్ అనే పత్తి వ్యాపారి సర్కారుతో ఒప్పందం రాసుకున్నాడు. ఖైదీలను తన పొలాల్లో పెట్టుకుని పని చేయించుకుంటాడు, తిండీ బట్టా కాపలా చూసుకుంటాడు, రాబడి అంతా తనదే. మామూలుగా అద్దెకు తీసుకున్నవాడు అద్దె కట్టాలి కదా. ఇక్కడ తిరగబడింది. ఖైదీల పోషణకని సర్కారే ఏడాదికి 18,000 డాలర్లు ఆయనకు ఎదురిచ్చింది. తర్వాత వచ్చిన గుత్తేదారులు అద్దె కట్టారు, తాము తీసుకున్న ఖైదీలను మళ్లీ రైలు కంపెనీలకు, తోటల యజమానులకు, కలప అడవులకు మారు అద్దెకిచ్చి లాభం కూడా వేసుకున్నారు. బానిసను కొన్నవాడు పెట్టుబడి పెట్టాడు కాబట్టి వాడు చావకుండానైనా చూసుకునేవాడు. అద్దె ఖైదీకి ఆ మాత్రం విలువ కూడా లేదు. ఒకడు పోతే సర్కారు ఇంకొకణ్ణి పంపుతుంది. బురద నేలల్లో రైలు పట్టాలు వేస్తూ మలేరియాతో, విరేచనాలతో, దెబ్బలతో మనుషులు రాలిపోయారు. పదేళ్లూ అంతకు మించీ శిక్ష పడిన అద్దె ఖైదీ ఒక్కడైనా శిక్ష పూర్తయ్యేదాకా బతకలేదని ఆ కాలాన్ని తవ్వి తీసిన చరిత్రకారుడు డేవిడ్ ఒషిన్‌స్కీ రాశాడు.

1890లో రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుంది. నల్లవాళ్ల ఓటు హక్కును అక్షరాస్యత పరీక్షతో, ఓటు పన్నుతో ఊడబెరికిన రాజ్యాంగం అదే. అందులోనే 1894 చివరికల్లా ఖైదీల అద్దె ఆగిపోవాలని ఒక నిబంధన పెట్టారు. జాలితో పెట్టారని పూర్తిగా చెప్పలేం. చావుల వార్తలు పత్రికలకెక్కి పరువు పోతోంది. అంతకన్నా, ఖైదీల చెమట మీద కొద్దిమంది పెద్ద ఆసాములే బాగుపడుతున్నారని చిన్న తెల్ల రైతులు మండిపడుతున్నారు. గుత్తేదారు జేబులోకి పోయే లాభం సర్కారు ఖజానాకే రావచ్చు కదా అన్నది అసలు వాదన. ఖైదీల చేత సర్కారే సేద్యం చేయించాలి. పార్చ్‌మన్ పొలం కథ అక్కడ మొదలవుతుంది.

1900లో శాసనసభ 80,000 డాలర్లు మంజూరు చేసింది. ఆ డబ్బుతో సన్‌ఫ్లవర్ కౌంటీలో పార్చ్‌మన్ కుటుంబానికి చెందిన 3,789 ఎకరాల తోట కొన్నారు. మెంఫిస్ నగరానికి దక్షిణంగా తొంభై మైళ్ల దూరం. మిసిసిపీ, యాజూ నదుల మధ్య డెల్టా నేల. ఒండ్రు మట్టి, అడుగు వేస్తే దిగబడే నలుపు, కనుచూపు మేర చదును. పత్తికి అంతకన్నా మంచి నేల ఉండదు. జైలుకు కూడా అది మంచి నేలే. పారిపోయేవాడు దాక్కోవడానికి గుట్ట లేదు, చాటు లేదు. అందుకే పొలం చుట్టూ గోడ కట్టలేదు. ఖైదీలే అడవి నరికారు, కాలువలు తవ్వారు, గుడిసెలు లేపారు. తర్వాత మరిన్ని భూములు కలిసి పొలం దాదాపు ఇరవై వేల ఎకరాలైంది.

1904లో గవర్నరైన జేమ్స్ వార్డమన్ ఈ పొలానికి పెద్ద దిక్కు. ఆ మనిషిని అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు గాని మింగుడుపడదు. నల్లవాళ్లకు చదువెందుకని వేదికల మీద అరిచినవాడు, మూక హత్యలను బాహాటంగా సమర్థించినవాడు. ఖైదీలను ఆసాముల చేతుల్లోంచి పూర్తిగా విడిపించడానికి పట్టుబట్టినవాడు కూడా ఆయనే. యజమాని గట్టిగా ఉంటే నల్లవాడు క్రమశిక్షణలో ఉంటాడు, ఆ యజమాని రాష్ట్రమే కావాలన్నది ఆయన సిద్ధాంతం. సంస్కరణ అన్న మాట ఎవరి నోట వచ్చినా వెంటనే చప్పట్లు కొట్టకూడదనడానికి వార్డమన్ ఒక్కడు చాలు.

లెక్కల పుస్తకం ఆయన పక్షానే మాట్లాడింది. 1905లోనే పార్చ్‌మన్ నుంచి రాష్ట్రానికి 1,85,000 డాలర్లు వచ్చాయి. కొన్న ధరకు రెండింతల పైమాట. జైలు అంటే ఖర్చు అనుకునే లోకంలో ఈ జైలు సంపాదించి పెడుతోంది. 1917 నాటికి పొలం మొత్తం సాగుకొచ్చింది. మగవాళ్లకు పన్నెండు శిబిరాలు, ఆడవాళ్లకు ఒకటి. తెల్లవాళ్లకు వేరు, నల్లవాళ్లకు వేరు. ఆడవాళ్ల శిబిరంలో అందరి బట్టలూ పరుపులూ కుట్టేవారు. పత్తి మిల్లు, రంపపు మిల్లు, ఇటుక బట్టీ, కూరగాయల మడులు, పశువులు, అన్నీ లోపలే. బయటినుంచి కొనాల్సింది తక్కువ.

ఒక్కో శిబిరానికి ఒక్కో సార్జెంటు. అతని కింద పొలం పని నడిపే డ్రైవర్లు. శిబిరం అంటే ఒక పొడవాటి కొట్టం. ఖైదీలు దాన్ని బోను అనేవాళ్లు. తెల్లారకముందే లేపి, కంచర గాడిదలను కట్టి, ఒకే వరసలో చేలోకి తోలేవారు. చీకటి పడ్డాక తిరుగు దారి. పత్తి ఏరడం అంటే ఏమిటో గుంటూరు, వరంగల్ పల్లెల వాళ్లకు చెప్పక్కర్లేదు. విచ్చిన కాయ ముల్లు వేళ్లను గీరుతుంది, వంగిన నడుము సాయంత్రానికి లేవనంటుంది. ఇక్కడ కూలి లేదు. ఇన్ని పౌండ్లు అని లెక్క ఉంది, లెక్క తప్పితే దెబ్బ ఉంది. మూడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు తోలు పట్టీకి బ్లాక్ యానీ అని ముద్దు పేరు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుంటే ఒంటి మీద గుడ్డ లేకుండా అందరి ముందూ కొట్టేవారు.

కాపలా ఎవరు కాశారన్నదే ఈ పొలం కథలో అన్నిటికన్నా విచిత్రమైన సంగతి. జీతానికి కాపలావాళ్లను పెట్టుకుంటే లాభం తగ్గుతుంది. కాబట్టి ఖైదీలలోంచే కొందరిని ఏరి తుపాకులిచ్చారు. వాళ్లను ట్రస్టీ షూటర్లన్నారు. అయిదుగురిలో ఒకడు అలాంటివాడు. మిగతావాళ్లకు అడ్డచారల బట్టలు, వీళ్లకు నిలువుచారలు. మామూలు ఖైదీకి గన్‌మన్ అని పేరు, చేతిలో తుపాకీ ఉన్నందుకు కాదు, తుపాకీ కింద పని చేస్తున్నందుకు. చేలో షూటర్ నేల మీద ఒక గీత గీసేవాడు. గీత దాటినవాణ్ణి కాల్చవచ్చు. పారిపోయేవాణ్ణి కాల్చి చంపిన షూటర్‌కు క్షమాభిక్ష దొరికే ఆస్కారం ఉండేది. హత్యానేరం మీద వచ్చినవాళ్లనే షూటర్లుగా ఎంచుకోవడం మామూలు. గురి తప్పరని కాబోలు. బ్రిటిషువాళ్లు 1894లో చేసిన మన జైళ్ల చట్టంలో కూడా ఖైదీలను అధికారులుగా నియమించే ఏర్పాటు ఉంది. కన్విక్ట్ వార్డర్లు అలా వచ్చినవాళ్లే. ఆ దొరలు కూడా ఖైదీ చేతికి తుపాకీ ఇచ్చేదాకా పోలేదు.

ఇంత నరకంలోంచి పాట ఎలా వచ్చిందని అడిగేవాళ్లుంటారు. పాట అక్కడ సరదా కాదు, పనిముట్టు. పది గొడ్డళ్లు ఒకే చెట్టు మీద పడుతున్నప్పుడు లయ తప్పితే పక్కవాడి కాలు తెగుతుంది. ఒకడు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు, దెబ్బలన్నీ ఒకేసారి పడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. అందరూ ఒకే వేగంతో కదులుతుంటే వెనకబడినవాడెవడో డ్రైవర్ కంటికి కనపడడు. ముసలివాణ్ణీ జబ్బుమనిషినీ ఆ పాటే కాపాడేది. మంచి గొంతున్నవాడికి శిబిరంలో మర్యాద దక్కేది. జానపద గీతాల సేకర్త జాన్ లోమాక్స్, కొడుకు అలన్ 1933లో అక్కడికి వెళ్లారు. 1947, 48లలో అలన్ మళ్లీ వెళ్లి యంత్రం పెట్టి పాటలు పట్టుకొచ్చాడు. బుకా వైట్ అనే బ్లూస్ గాయకుడు పార్చ్‌మన్‌లో శిక్ష అనుభవించి బయటికొచ్చి 1940లో ఆ పొలం మీదే పాట రికార్డు చేశాడు. 1959లో అలన్ మరోసారి వెళ్లినప్పుడు జేమ్స్ కార్టర్ అనే ఖైదీ కట్టెలు కొడుతూ తోటివాళ్లతో పాడిన పాట టేపుకెక్కింది. 2000లో ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా ఆ పాటతోనే మొదలైంది. ఆ సినిమా పాటల ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. 2002లో షికాగోలో ఉన్న డెబ్భై ఆరేళ్ల కార్టర్‌ను వెతికి పట్టుకుని 20,000 డాలర్ల చెక్కు చేతికిచ్చారు. ఆ పాట పాడిన సంగతే ఆయనకు గుర్తు లేదట. పార్చ్‌మన్‌లో చేసిన పనికి ఆలస్యంగానైనా కూలి ముట్టిన బహుకొద్దిమందిలో ఆయన ఒకడు.

1961 వేసవిలో ఆ పొలానికి వేరే రకం ఖైదీలు వచ్చారు. బస్సుల్లో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ వేరు సీట్లు, వేరు వెయిటింగ్ హాళ్లు చెల్లవని తేల్చడానికి కలిసి ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్లు. జాక్సన్‌లో దిగగానే మూడు వందల మందికి పైగా అరెస్టు చేసి, వాళ్లలో చాలామందిని పార్చ్‌మన్‌కు తోలారు. జాన్ లూయిస్, స్టోక్లీ కార్మైకేల్ వాళ్లలో ఉన్నారు. గవర్నర్ రాస్ బార్నెట్ లోకం చూస్తోందని ఎముకలు విరగ్గొట్టించలేదు. గట్టి కాపలా గదుల్లో పెట్టి, ఒంటి మీద బనీనూ చెడ్డీ మాత్రం ఉంచారు. వాళ్లు పాటలు ఎత్తుకున్నారు. పాడితే పరుపులు తీసుకుపోతామన్నారు. పరుపులు ఇచ్చేసి పాడారు. పొలంలో పాట పనికొచ్చింది గనక సహించిన అధికారులకు ఈ పాట మాత్రం భరించరానిదైంది. అయినా ఆ యువకులు వారాల్లో బయటికి వచ్చేశారు. చేలల్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల గొడవ ఇంకో పదేళ్లదాకా ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నవాడు రాయ్ హేబర్ అనే వకీలు. ఖైదీల దగ్గర కూర్చుని కొట్టినవీ కాల్చినవీ చంపినవీ ఒక్కొక్కటే రాసుకున్నాడు. 1971లో నజరెత్ గేట్స్ అనే ఖైదీ పేరు ముందు పెట్టి కొందరు కోర్టుకెక్కారు. జడ్జి విలియం కీడీ అదే డెల్టా మనిషి. స్వయంగా పొలానికి వెళ్లి చూశాడు. 1972లో ఇచ్చిన తీర్పు చదువుతుంటే కోర్టు భాష అంత చల్లగా ఉండి కూడా ఒళ్లు జలదరిస్తుంది. ఆరడుగుల పొడవూ ఆరడుగుల వెడల్పూ ఉన్న చీకటి గది, వెలుతురు లేదు, నీళ్లు లేవు, మలవిసర్జనకు నేలలో ఆరంగుళాల రంధ్రం. మనిషిని గుండు గీసి దిగంబరంగా అందులో పడేసేవారు, ఒక్కోసారి మూడు రోజులు. కంచెకు బేడీలేసి గంటల తరబడి నిలబెట్టడం, పశువులను తోలే కరెంటు కర్రతో పొడవడం, కదిలించడానికి కాళ్ల పక్కన తుపాకీ పేల్చడం. మురుగు శుద్ధి లేకుండా బయటికే. కొట్టాలు మనుషులు ఉండడానికి పనికిరావని జడ్జి తేల్చాడు. క్రూరమైన శిక్షను నిషేధించే ఎనిమిదో సవరణకు ఇవన్నీ విరుద్ధమన్నాడు. ఖైదీ చేతికి తుపాకీ ఇవ్వకూడదు, జాతి పేరుతో శిబిరాలు వేరు చేయకూడదు, కొట్టకూడదు. పై కోర్టు 1974లో దాన్ని ఖాయం చేసింది.

ఆ తీర్పుతో లెక్కల పుస్తకం తిరగబడింది. జీతానికి గార్డులు కావాలి, కొత్త కట్టడాలు కావాలి, డాక్టర్లు కావాలి. తెచ్చిపెట్టే పొలం ఖర్చు పెట్టించే జైలైంది. అలా అయ్యాక శాసనసభకు దాని మీద ఆసక్తి తగ్గింది. అమెరికాలోని మిగతా రాష్ట్రాలకన్నా ముందే ఈ పొలంలో నడిచిన ఒక మంచి అలవాటు, భార్యాభర్తలు ఏకాంతంగా కలుసుకునే ములాఖత్, 2014 ఫిబ్రవరితో ఆపేశారు. మొదట్లో దాన్ని నల్ల ఖైదీల చేత ఎక్కువ పని రాబట్టడానికి ఆశగా చూపేవారు, తర్వాత అందరికీ వర్తించింది. ఖర్చు దండగని రద్దు చేసిన జైళ్ల కమిషనర్ క్రిస్టఫర్ ఎప్స్, జైలు కాంట్రాక్టర్ల దగ్గర లంచాలు మేసిన కేసులో 2017లో దాదాపు ఇరవై ఏళ్ల శిక్షతో తానే జైలుకు వెళ్లాడు.

2019 డిసెంబరు ఆఖరున మిసిసిపీ జైళ్లలో కొట్లాటలు రేగి వారాల వ్యవధిలో ఖైదీలు వరసగా చనిపోయారు. పార్చ్‌మన్‌లో పెచ్చులూడిన గోడలు, ఎలుకలు, నీళ్లు నిలిచిన గదుల ఫోటోలు ఖైదీల దొంగ ఫోన్ల నుంచే బయటికొచ్చాయి. ర్యాప్ గాయకులు జే-జీ, యో గాటీ డబ్బు పెట్టి ఖైదీల తరఫున దావా వేయించారు. కేంద్ర న్యాయశాఖ దర్యాప్తు చేసి 2022 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది: పార్చ్‌మన్ పరిస్థితులు రాజ్యాంగ విరుద్ధం. జీతగాళ్ల పోస్టులు అప్పటికి సగానికి సగం ఖాళీ. అరిచినా పలికే గార్డు లేని బ్యారక్‌లలో అప్పటికి ఖైదీల ముఠాలదే పెత్తనం.