బొత్తాములు, మొగ్గలు, చిటికెడు సున్నం

తెలుగు పండితునిగా బడిలో పనిచేసినన్నాళ్ళూ సున్నానికి నేనెరిగిన ప్రయోజనాలు మూడే: గోడకు, తాంబూలానికి, ఎముకకు. నాడుల పలుకుకు సైతం అదే ఆధారమని పదవీ విరమణ తరువాతనే చదివి తెలుసుకొన్నాను.

1883లో లండనులో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచి పరీక్షిస్తున్నాడు. స్వేదన జలంతో కలిపిన ద్రావణంలో గుండె త్వరలోనే సొమ్మసిల్లింది. కుళాయి నీటితో కలిపినప్పుడు మాత్రం కొట్టుకొంటూనే ఉంది. తేడా ఆ నీటిలోని కాల్షియం. మన పాత శాస్త్ర పరిభాషలో ఖటికం. 1960లలో అదే నగరంలో బెర్నార్డ్ కాట్జ్, రికార్డో మిలెడి మరొక అడుగు వేశారు. నాడి కొసలోనికి కాల్షియం ప్రవేశిస్తేనే అక్కడి నుండి రసాయన సందేశం వెలువడుతుందని నిరూపించారు.

అయితే లోపలికి వచ్చిన కాల్షియాన్ని గుర్తించేదెవరు? ఆ పనికి కొన్ని ప్రోటీనులున్నాయి. వాటిలో ఒకటి 1993లో పండ్ల ఈగలో బయటపడింది. నాడి వెంటవెంటనే స్పందించేటప్పుడు సందేశాన్ని పెంచుతుంది గనుక, పౌనఃపున్యమనే అర్థం వచ్చే ఆంగ్ల పదం నుండి దానికి ఫ్రీక్వెనిన్ అని పేరు పెట్టారు.

ఈగ పిల్లపురుగు కండరంపై నాడి కొసలు పూసలదండలా ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బులను బూటాన్లంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు మొగ్గ అనీ, బొత్తాము అనీ రెండర్థాలు. పోర్చుగీసులోనూ అంతే, మన బొత్తాము అక్కడి నుండి వచ్చినదే. పండితుని కంటికి ఇంతకంటె విందేమున్నది!

2009లో టొరంటో, మాడ్రిడ్ నగరాల పరిశోధకులు ఈ మొగ్గలను లెక్కించారు. ఫ్రీక్వెనిన్ ఎక్కువైతే సందేశం బలపడింది, మొగ్గలు తగ్గాయి. తక్కువైతే సందేశం బలహీనపడింది, కొస మాత్రం విస్తరించింది. రెండింటిలోనూ కాల్షియం ప్రవేశించే ద్వారానికి పాత్ర ఉన్నదని తేల్చారు. ఆ ద్వారపు జన్యువు పేరు కాకోఫనీ, అనగా కర్ణకఠోరం. అది చెడితే మగ ఈగ ప్రణయగీతం అపశ్రుతి పలుకుతుంది!

ఈగ నాడి వేరు, పిల్లవాని మనసు వేరు. ఒకదానిని మరొకదానికి ప్రమాణంగా చూపడం తగదు. అయినా ఆ ఫలితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గట్టిగా అప్పజెప్పినవాడే ఎదుగుతున్నాడని ముప్ఫయ్యేళ్ళు నమ్మిన ఉపాధ్యాయుణ్ణి నేను. వెనుక బల్లపై మౌనంగా కూర్చున్నవారిని ఎన్నిసార్లు లేపి నిలబెట్టానో! వారిలో ఎన్ని మొగ్గలు తొడుగుతున్నాయో ఏనాడూ లెక్కించలేదు.