విజయనగరం క్రీడా ప్రాంగణాలు

విజయనగరంలోని డాక్టర్ పి.వి.జి. రాజు ఏసీఏ క్రీడా ప్రాంగణం ఆంధ్ర క్రికెట్ సంఘానికి చెందినది. ఇక్కడ రంజీ మ్యాచ్‌లు ఆడతారు. ఊరికి మాత్రం ఆ ప్రాంగణం రాకకు ఎన్నో ఏళ్ల ముందే ఆటలు అబ్బాయి. ఇక్కడ బడి పెట్టింది విజయనగరం సంస్థానమే, ఆటను పోషించిందీ సంస్థానమే. 1857లో బడిగా మొదలైన మహారాజా విద్యాసంస్థ 1879 నాటికి కళాశాల అయింది. వీరఘట్టంలో పుట్టిన బలశాలి కోడి రామ్మూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, సర్కస్‌తో దేశమంతా పేరు తెచ్చుకోకముందు, విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

విజయనగరంలోని మరో స్టేడియానికి పేరు ఇచ్చిన క్రికెటర్ విజ్జీ (1905–1965) ఆ సంస్థానాన్ని ఏలిన పూసపాటి వంశీకులు. శాసనోల్లంఘన ఉద్యమం వల్ల 1930–31లో ఇంగ్లండ్ ఎం.సి.సి. జట్టు పర్యటన రద్దయితే, ఆ దేశపు బ్యాటర్లు జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్‌లను సొంత ఖర్చుతో రప్పించి జట్టు కట్టారు. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించి మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులే. అందుకే స్టేడియానికి ఆయన పేరు ఆటగాడిగా కాదు, పోషకుడిగానే తగుతుంది. విశ్వవిద్యాలయాల జోనల్ జట్ల మధ్య జరిగే క్రికెట్ పోటీకీ విజ్జీ ట్రోఫీ అనే పేరు.

విజ్జీ అన్నగారి కుమారుడు పి.వి.జి. రాజు. కళాశాలలు నడిపే మాన్సాస్ ట్రస్టును 1958లో స్థాపించారు. ఆయన పేరిట ఉన్న ప్రాంగణం 2019 సెప్టెంబరులో దేశమంతటి కంట్లో పడింది. దక్షిణాఫ్రికాతో బోర్డు ప్రెసిడెంట్స్ జట్టు ఆడిన మూడు రోజుల మ్యాచ్‌లో తొలిరోజు వానకే సరిపోయింది. టెస్టుల్లో ఓపెనర్‌గా కొత్త అవతారం ఎత్తబోతున్న రోహిత్ శర్మ ఇక్కడ ఫిలాండర్ బంతికి సున్నాకే వెనుదిరిగాడు. దక్షిణాఫ్రికా బ్యాటర్ మార్‌క్రమ్ సెంచరీ కొట్టాడు. విశాఖ కుర్రాడు శ్రీకర్ భరత్ ఊరి దగ్గరి మైదానంలో అర్ధసెంచరీ దాటాడు. వారం తిరిగేసరికి విశాఖ టెస్టులో రోహిత్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు బాదాడు.

స్టేడియాలు పట్నంలో వెలిస్తే, జిల్లాకు అంతర్జాతీయ పతకాలు తెచ్చింది మాత్రం నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ. బరువులెత్తడంలో ఆ ఊరిది అందెవేసిన చేయి. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్ పరీక్షలో పట్టుబడటంతో సంతోషి కాంస్యం రజతంగా మారింది.