ఊరి కాపలా ఎవరిది?

పాతకాలపు తెలుగు పల్లెలో దొంగతనం జరిగితే ముందు కబురు తలారికే వెళ్ళేది. అడుగుల జాడ పట్టుకుని ఆయన పొలిమేర దాకా పోయేవాడు. ఊళ్ళోకి కొత్తవాడు ఎవడొచ్చాడో, రాత్రి సత్రంలో ఎవరు పడుకున్నారో ఆయనకు తెలిసి ఉండాలి. చేతికి జీతం రాదు. కాస్త ఈనాం భూమి, కళ్ళంలో రాశి కొలిచేటప్పుడు రైతులు పెట్టే మేర, అంతే. తాను కొలిచిపెట్టిన గింజ తిని కాసేవాడు కనుక రైతు అతన్ని నిలదీయగలిగేవాడు, నమ్మగలిగేవాడు కూడా. అయితే తలారి వెంట నడిచే వెట్టివాడి గుడిసె ఊరి అవతల, దళితుల పల్లెలో ఉండేది. ఊరిని కాసేవాడికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. మన ప్రజారక్షణ చరిత్రలో మొదటి లోటు అక్కడే ఉందని నేను అనుకుంటాను.

ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తెచ్చిన పోలీసు దరోగాల పద్ధతి ఇక్కడ ఇమడలేదు. ఎక్కడి నుంచో వచ్చిన జీతగాడికి ఊరి గుట్టు ఎలా తెలుస్తుంది? రాయలసీమలో కలెక్టరుగా తిరిగిన థామస్ మన్రోకు ఈ సంగతి బాగా తెలుసు. 1816లో మద్రాసు ప్రభుత్వం పోలీసు అధికారాన్ని గ్రామ మునసబు చేతుల్లో పెట్టి, తలారులను ఆయన కింద ఉంచింది. ఆలోచన మంచిదే. కానీ శిస్తు వసూలు చేసే చేయి, లాఠీ పట్టే చేయి ఒకటే అయ్యాయి. బాకీపడ్డ రైతును ఎండలో వంచి నిలబెట్టడం, వేళ్ళను కర్రల మధ్య బిగించడం వంటి హింసలన్నీ 1855 నాటి విచారణ సంఘం నివేదికకు ఎక్కాయి. 1859 చట్టంతో పోలీసు శాఖ వేరుపడింది. నిజాం రాజ్యపు పల్లెల్లో పోలీసు పటేలు పెత్తనం అలాగే సాగింది.

అనుమానమే చట్టమైతే ఏమవుతుందో చూడాలంటే బాపట్ల దగ్గరి స్టూవర్టుపురానికి వెళ్ళాలి. ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం మోసుకుని తీరానికీ మెట్టకూ మధ్య వ్యాపారం చేసేవారు. ఉప్పు చట్టాలు, రైళ్ళు ఆ బతుకును దెబ్బతీశాయి. 1911 నేరస్థ తెగల చట్టం వారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. 1913లో క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో వారి కోసం ఈ సెటిల్మెంటు వెలిసింది. వేలిముద్రలు, రాత్రి హాజరు, పక్క ఊరికి పోవాలంటే చీటీ. బయటి గ్రామాల్లో ఉన్నవారు మునసబు దగ్గరే హాజరు వేయించుకోవాలి. పేరు పిలిచినప్పుడు పలకకపోతే అదే నేరం. అలా పిలిపించుకున్న మనిషి తన ఇంట్లో దొంగతనం జరిగితే ఏ ముఖంతో ఠాణా మెట్లెక్కుతాడు? 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది, ముద్ర మాత్రం మిగిలింది. 1970ల్లో సంఘ సంస్కర్త హేమలతా లవణం ఆ కుటుంబాల మధ్యకు వెళ్ళి చదువు, ఉపాధి గురించి మాట్లాడారు. చట్టం దశాబ్దాల తరబడి హాజరు పిలిచి చేయలేనిది, ఆమె వాళ్ళ వసారాల్లో కూర్చుని మొదలుపెట్టారు.

కాపలా అందనివారు ఎరుకలవారొక్కరే కాదు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. ఉండీ కాపాడలేదు. ఎవరిని కాపాడాలన్న ప్రశ్న దగ్గరే ఆ కాపలా తప్పింది. ప్రత్యేక కోర్టును ఆ ఊళ్ళోనే పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఈ రెండో తీర్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అదే రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఇంకో తీరు కాపలా మొదలైంది. అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమపు రాత్రిబడిలో కూర్చున్న ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ వంటివారు, సారా కొట్టు మూయించారు. ఆ బడి వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టినవారు వాళ్ళు. కూలి డబ్బు సారా ప్యాకెట్లకు పోయి, రాత్రికి దెబ్బలు మిగిలే ఇళ్ళు వాళ్ళవి. చుట్టుపక్కల ఊళ్ళల్లో చీపుర్లు, కారప్పొడి పట్టుకుని పొలిమేరలో నిలబడి సారా బండ్లను వెనక్కి పంపారు. జిల్లాలో సారా వేలంపాట జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇంట్లో తినే దెబ్బలు ఊరి శాంతిభద్రతల సంగతేనని అంత గట్టిగా చెప్పినవారు అంతకుముందు లేరు.

ఊరి పెత్తనం కూడా చేతులు మారింది. వంశపారంపర్యపు మునసబు, కరణం ఉద్యోగాలు 1984లోనే పోయాయి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఆడవాళ్ళకు మూడోవంతు స్థానాలిచ్చింది. 2013 ఎన్నికల నాటికి అవి సగమయ్యాయి. చేద వేయనివ్వని బావి పక్కనే పంచాయతీ కుర్చీలో ఆ పల్లె ఆడపడుచు సర్పంచిగా కూర్చోవడం చిన్న మార్పు కాదు. ఆమె బదులు భర్త సంతకాలు పెట్టే ఊళ్ళూ ఉన్నాయి. అక్కడ ఆ మార్పు ఇంకా కాగితం మీదే ఉంది.

హైదరాబాదులో 2014 అక్టోబరులో ఆడవాళ్ళ రక్షణకు షీ టీములు వచ్చాయి. మామూలు బట్టల్లో బస్టాపుల దగ్గర నిలబడే పోలీసులు, స్టేషను గడప తొక్కకుండానే ఫోనులో పంపే ఫిర్యాదు. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో 2019 నుంచి మహిళా సంరక్షణ కార్యదర్శులు కూర్చున్నారు, తర్వాత వారినే మహిళా పోలీసులన్నారు. వారి తలుపు తట్టే ఫిర్యాదుల్లో ఒకటి దూబగుంటకు పాత సంగతే: బడి పక్కన లైసెన్సు లేకుండా వెలిసిన బెల్టుషాపు. చెప్పడానికి వచ్చినామె ముందు అడిగేది, తన పేరు బయటికి రాదు కదా అని.