బర్మా నుంచి నడిచొచ్చినవాళ్లు

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసింది ఇక్కడ రాస్తున్నాను.

పోయిన ఆదివారం టోవా పాయోలో మా రూమ్‌లో నలుగురం కూర్చుని ‘డంకీ’ చూశాం. పంజాబ్ నుంచి లండన్‌కి దొంగదారిన పోయేవాళ్ల సినిమా. అయిపోయాక మా సైట్‌లో చేసే శ్రీకాకుళం కుర్రాడు, “మన తెలుగోళ్లకి ఇలాంటి కష్టం లేదు కదన్నా” అన్నాడు. ఉంది. కాకపోతే మనవాళ్లు నడిచింది ఇంటికి రావడానికి.

ఒకప్పుడు మనకి గల్ఫయినా సింగపూరయినా రంగూనే. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కేవాళ్లు. అక్కడ రేవులో మూటలు మోసినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో చేసినవాళ్లలో మనవాళ్లు చాలామంది. కోరంగి రేవు పేరు మీద వాళ్లని ‘కోరంగీలు’ అనేవారు. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తీసుకెళ్లి, కూలిలోంచి పట్టుకునేవాడు. మన ఏజెంటుకి తాత అన్నమాట.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. కూలీలు పోతే రేవు ఆగిపోతుందని సర్కారు వాళ్లని ఆపాలని చూసింది. డబ్బున్నవాళ్లు ఓడెక్కారు. కూలివాడికి మిగిలింది కాళ్లే. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది.

నడక దారులు ముఖ్యంగా మూడు. ఒకటి, ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండలెక్కి తౌంగూప్‌కి, అక్కణ్నుంచి అక్యాబ్, చిట్టగాంగ్. నీళ్లు దొరకని ఆ దారిలో కలరా పట్టుకుంది. రెండోది, చింద్విన్ నది దాటి తమూ మీదుగా ఇంఫాల్. మూడోది, హుకాంగ్ లోయలోంచి అస్సాంలోని లీడో. మే నెలలో వానలు పడ్డాక అది బురద, జలగలు, మలేరియా. తెల్లవాళ్లకొక బాట, మనవాళ్లకొక బాట పెట్టారని మన నాయకులు అప్పుడే సర్కారుని నిలదీశారు. సుమారు 5 లక్షల మంది ఇండియా చేరారు. వేలమంది దారిలోనే పోయారు.

సాయంత్రం తలలు లెక్కపెట్టి లారీ ఎక్కించడం నా పని. ఒక్కడు తగ్గినా లారీ కదలనివ్వను. ఆ కొండల్లో అలా లెక్కపెట్టినవాడు లేడు. మా తాత అన్నగారు రంగూన్ నుంచి తిరిగి రాలేదు. ఏ రోజు పోయాడో తెలీదు కాబట్టి మా ఇంట్లో మహాలయ అమావాస్యకే ఆయన్ని తలుచుకుంటారు. ఆ రోజు నేను లోరాంగ్ 8లోని కాళియమ్మన్ గుడికెళ్లి దణ్ణం పెట్టుకుంటాను.

ఇదంతా విని ఆ కుర్రాడు ఫోన్ తీశాడు. ఊళ్లో ఉన్న తమ్ముడికి మెసేజ్ వచ్చిందట: బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం, టికెట్ కూడా వాళ్లదే.

నాకు గుండె జారింది. ఇలాగే పిలిచి, థాయ్‌లాండ్‌లోని మే సోట్ దగ్గర మోయీ నది దాటించి, మ్యావడ్డీలో సైబర్ మోసాల పనిలో పెడుతున్నారు. 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాల్లో 549 మందిని వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మళ్లీ అదే బర్మా.

“ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంటు లైసెన్స్ ఉందో లేదో చూసేదాకా వాణ్ని ఊరు కదలొద్దను” అన్నాను. వాడు అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశాడు.

మీ ఇంట్లో రంగూన్ పోయినవాళ్లుంటే పేరు రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.