నల్లజుట్టులో నలుపెంత?

విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి ఉంది. తెల్లటి పలక మధ్యలో ఒక పిల్ల నిలబడి ఉంది. ఎత్తు 100 పిక్సెళ్లు, తల వెడల్పు 22. కళ్లు అయ్యాయి, లంగా ఓణీ అయ్యింది, కాళ్లకి పట్టీలు కూడా పడ్డాయి. తల మాత్రం బోడి. భూతద్దం గుర్తు నొక్కి 8 రెట్లు పెంచండి. కంట్రోల్, జీ కలిపి నొక్కగానే తెరంతా సన్నటి గళ్లు పరుచుకుంటాయి. ఇందాకటి ముఖం ఇప్పుడు రంగురంగుల గడుల కుప్ప, ఒక్కో గడి ఒక్కో పిక్సెల్. కనుబొమ్మలో ఒక్క గడి పైకి జరిగిందా, పిల్లకి కోపం వచ్చేస్తుంది.

ఇలాంటి బొమ్మలకి పుట్టిల్లు ‘ది ప్యాలెస్’ అనే చాట్ ప్రోగ్రామ్. జిమ్ బమ్‌గార్డ్‌నర్ దాన్ని తయారుచేస్తే 1995లో బయటికొచ్చింది. అందులో ఎవరి రూపం వాళ్లు కట్టుకోవాలంటే 44 అడ్డం, 44 నిలువు గడుల ముక్కలే దిక్కు. ఒక్కొక్కరికి తొమ్మిది ముక్కల దాకా. అంతకు ముందు, 1981లో, ఇలాగే కొద్దిపాటి గడుల్లో డాంకీ కాంగ్ వీడియో ఆటకి మారియో పాత్రని తీర్చిన షిగెరు మియమోటో అసలు జుట్టు జోలికే పోకుండా నెత్తిన టోపీ పెట్టేశాడు. తెలివైన పనే. మనకి ఆ వెసులుబాటు లేదు. ఈ పిల్లకి బారెడు జడ కావాలి.

పెన్సిల్ తీసుకోండి. పుర్రె అంచు మీదే జుట్టు గీయకుండా రెండు గడులు పైకి వదిలి గీయండి. జుట్టుకీ మందం ఉంటుంది కదా! చెవుల దగ్గరికొచ్చేసరికి ఆ రెండు గడులు ఒకటవుతాయి. నుదుటి మీద అంచు తిన్నగా ఉండకూడదు. పాపిడి దగ్గర ఒక గడి పైకి లేపి, చెంపల వైపు మెల్లగా దించండి.

ఇక రంగు. చెయ్యి తనంతట తనే నలుపు మీదికి పోతుంది. అక్కడే ఆపండి. మూడు అంకెలూ సున్నాలైన ఒట్టి నలుపు పోశారంటే, ఇక దానికన్నా ముదురు రంగు ఎక్కడా దొరకదు. నీడ వెయ్యడానికి చోటే మిగలదు. అందుకని ఎడిట్ కలర్స్ తెరవండి. ఎరుపు 44, ఆకుపచ్చ 32, నీలం 40: ఇది జుట్టు అసలు రంగు. నీడకి 20, 14, 26. కాస్త వెలుగు తగిలే చోటికి లేత రంగు, 72, 56, 72. మెరుపుకి 122, 112, 148. నాలుగు రంగులు చాలు. ఇంత చిన్న తల మీద అయిదోది ఎవరి కంటికీ ఆనదు. మెరుపులో నీలం పాలు ఎక్కువన్నది గమనించారా? ఆరుబయట నల్లజుట్టు మీద మెరిసేది సగం ఆకాశమే. తెలుపు కలిపి బూడిద రంగు తెచ్చారంటే పిల్ల నెత్తి నెరిసిపోతుంది.

వెలుతురు ఎడమ పైమూల నుంచి పడుతోంది. ఈ సంగతి చివరిదాకా మరిచిపోకండి. మౌస్ ఎడమ బటన్‌కి అసలు రంగు, కుడి బటన్‌కి నీడ రంగు పెట్టుకుంటే మాటిమాటికీ రంగుల పెట్టె దాకా పోనక్కర్లేదు. పాపిడి పక్కన, చెవి వెనక, మెడ మొదట్లో, కుడి చెంపకి ఆనుకుని కుడి బటన్ నొక్కండి. కొత్తగా వేసేవాళ్లు అంచు చుట్టూ ముదురు, లోపలికి పోయేకొద్దీ లేత వేసుకుంటూ పోతారు. పిల్లో షేడింగ్ అంటారు దాన్ని. వెలుతురు ఎటు నుంచి వస్తోందో తెలియని తల అది.

అసలు పని మెరుపులో ఉంది. నూనె రాసి బిగించి దువ్విన తలని ఎప్పుడైనా చూడండి. మెరుపు సన్నగా, గట్టిగా, నడినెత్తికి కాస్త కిందగా వంపు తిరిగి కనిపిస్తుంది. తలంటు పోసుకుని ఆరబెట్టిన జుట్టు మీదైతే అదే మెరుపు వెడల్పై, పలచబడిపోతుంది. మన పిల్లది నూనె తల. పాపిడికి ఎడమ పక్క నాలుగు గడులు మెరుపు రంగు పెట్టండి, తల వంపు వెంటే. వాటి పైనా కిందా లేత రంగు. ఇప్పుడు అంచు చెదరగొట్టాలి: ఒక గడి కిందికి దిగాలి, పక్కది ఉన్నచోటే ఉండాలి, ఆ పక్కది పైకి పోవాలి. చెదరగొట్టకుండా నున్నగా వదిలేస్తే పిల్ల హెల్మెట్ పెట్టుకున్నట్టుంటుంది. వెంట్రుక వెంట్రుకా విడిగా గీయాలన్న ఉబలాటం ఇక్కడే పుడుతుంది. వద్దు. 22 గడుల తలలో వెంట్రుకలు పట్టవు, గీతలే మిగులుతాయి.

జడ ఎడమ భుజం మీంచి ముందుకి పడుతోంది, వెడల్పు 7 గడులు. మూడు పాయల జడే అయినా ముందు నుంచి చూస్తే రెండు వరసలే కనబడతాయి: ఎడమ నుంచి ఒక మడత, కుడి నుంచి ఒక మడత, ఒకదాని కింద ఒకటి దూరుతూ. ఒక్కో మడత నాలుగు గడుల వెడల్పు, మూడు గడుల ఎత్తు. ఒకటి రెండోదాని కిందికి దూరే చోట నీడ రంగు. ఎడమ మడత ఉబ్బు మీద రెండు గడుల మెరుపు, కుడి దాని మీద లేత రంగు ఒక్క గడి. నడుము దాటాక మెరుపు ఆపేయండి, లేత రంగు చాలు. తొందరపడకండి. ఈ పెయింట్‌లో వెనక్కి పోనిచ్చేది మూడు అడుగులే. నాలుగో తప్పు మీ నెత్తినే.

వ్యూ మెనూలో, జూమ్ కింద, షో థంబ్‌నెయిల్ ఉంటుంది. నొక్కితే మూలన చిన్న కిటికీలో బొమ్మ అసలు సైజులో కనబడుతుంది. గళ్లలో అతుకుల బొంతలా ఉన్నది అక్కడ నిగనిగలాడే జడ. అక్కడ బాగుంటేనే బాగున్నట్టు. ఎనిమిది రెట్లలో ఎంత ముచ్చటగా ఉన్నా లెక్కలోకి రాదు.

దాచేటప్పుడు జేపీజీ జోలికి పోకండి, అంచులన్నీ మసకబారతాయి. ఈ పెయింట్‌లో జీఐఎఫ్‌గా దాచినా రంగులు చెదిరి చుక్కలు పడతాయి. పీఎన్‌జీ ఎంచుకోండి, పెట్టిన గడి పెట్టినట్టే ఉంటుంది.