నాగజెముడు: క్వీన్స్‌లాండ్ రైతుల అనుభవం

పొలం గట్ల మీద కనిపించే నాగజెముడు మీకు పరిచయమే. అమెరికా ఖండంలో పుట్టిన ఈ జాతి మొక్కల్లో ఒకటి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రైతులను ఎంత కష్టపెట్టిందో చూద్దాం.

19వ శతాబ్దంలో వలసవచ్చినవారు దీన్ని తోటల్లోనూ, కంచెగానూ నాటుకున్నారు. పక్షులు పండ్లు తిని గింజలను దూరాలకు చేర్చాయి. తెగిన మట్ట నేలను తాకితే చాలు, వేళ్లూనుకునేది. 1920ల నాటికి క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లలో సుమారు 6 కోట్ల ఎకరాలకు ఇది పాకింది.

దీన్ని తొలగించే భారాన్ని చట్టాలు చాలావరకు భూమి ఉన్నవారి మీదే వేశాయి. రైతులు నరికారు, తవ్వి కాల్చారు, ఆర్సెనిక్ విషం వాడారు. ఇక్కడ చిక్కును గమనించండి. ఎకరం బాగుచేసే ఖర్చు తరచు ఆ ఎకరం ధరను మించేది. ఒకరు బాగుచేసుకున్నా, పొరుగువారు వదిలేస్తే మొక్క మళ్లీ గట్టు దాటి వచ్చేది. ఇళ్లూ పొలాలూ విడిచిపోయినవారిని సోమరులనడం అన్యాయమే అవుతుంది.

1925లో అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కలపురుగు గుడ్లను తెప్పించారు. దాని గొంగళిపురుగులు మట్టను లోపలినుంచి తినేస్తాయి. అవి నాగజెముడు జాతిని తప్ప పంటలను ముట్టవని పరీక్షించుకున్నాకే, 1926లో బయట వదిలారు. తర్వాత కోట్లకొద్దీ గుడ్లను పంచారు. పురుగుకు గట్లతో పనిలేదు. ఎవరి పొలమైనా ఒకటే. 1930ల మధ్యకల్లా చాలా భూమి తిరిగి సాగుకూ మేతకూ వచ్చింది. చించిల్లా పట్టణానికి దగ్గరలోని బూనార్గాలో స్థానికులు 1936లో ఒక సమావేశ మందిరం కట్టుకుని, దానికి ఆ పురుగు పేరే పెట్టారు.